కుమారి స్టీలు డబ్బాలు

పొద్దున్నే మా ఆయన డబ్బా సర్దడంతో నా రోజు మొదలయ్యేది. రెండు గిన్నెల స్టీలు డబ్బా. కింద గిన్నెలో అన్నం, పై గిన్నెలో పప్పో కూరో, ఒక మూలకి ఆవకాయ ముక్క. మూత బిగించి గుడ్డసంచిలో పెట్టి సైకిలు హ్యాండిలుకి తగిలిస్తే ఆయన రైసుమిల్లుకి వెళ్లిపోయేవాడు. మిల్లులో కాటా దగ్గర ఆయన పని. సాయంత్రం ఆ డబ్బాని ఆయనే కడిగి, మూత పెట్టి తెచ్చేవాడు. నేను మళ్లీ తోమేదాన్ని. ఆయన కడుగుడు మీద నాకెప్పుడూ నమ్మకం లేదు.

ఇప్పుడు ఆ వేళకి పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని ఊళ్లోవాళ్ల డబ్బాలు తోముతున్నాను. ఎవరు తిన్నారో, ఎలా తిన్నారో తెలియని డబ్బాలు.

మొన్న మాఘమాసంలో మా ఆయన పోయాడు. మిల్లులో మధ్యాహ్నం అన్నం తిని, డబ్బా కడుక్కుని, బస్తాకి చేరగిలబడ్డాడట. మళ్లీ లేవలేదు. మనిషిని ఆటోలో తెచ్చారు. డబ్బాని ఎవరో సైకిలుతో పాటు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లారు. దాన్ని మాత్రం నేను మళ్లీ తోమలేదు. వంటింటి అలమరలో ఉప్పుజాడీ పక్కన పెట్టేశాను. మూత మీద ‘జగన్నాధం’ అని చెక్కించిన పేరు ఉంటుంది. మూత లోపలి అంచు చుట్టూ పసుపు రంగు గీత ఒకటి ఉంటుంది. ఎన్నేళ్ల పప్పో, ఎన్ని సార్లు తోమినా పోని గీత. అప్పుడప్పుడూ మూత తీసి చూసి మళ్లీ పెట్టేదాన్ని.

ఈ డబ్బాల గొడవంతా మా కుమారి తెచ్చింది. కుమారి నా తోడికోడలు, మా మరిది అప్పలసూరి భార్య. నన్ను ‘అప్పా’ అంటుంది. సొంత అక్కని కూడా అంత గట్టిగా పిలవరు. పిలిస్తే వీధి చివర వరకు వినిపిస్తుంది.

ఆమెది పొందూరు. వాళ్లమ్మ రాట్నం ముందు కూర్చుంటే లేచేది కాదట. కుమారి కూడా చిన్నప్పుడు నూలు వడికింది. అందుకేనేమో చేతులు ఊరికే ఉండవు. మాట్లాడుతూ కూడా ఏదో పురి తిప్పుతున్నట్టు వేళ్లు కదుపుతూనే ఉంటుంది. కాపరానికి వచ్చిన కొత్తలో చారు కాచడం వచ్చేది కాదు. మా అత్తగారు గరిటె లాక్కుని, “దారం వడికినట్టు చారు వడకలేవే,” అనేవారు. కుమారి ఏడవలేదు. ఆ వేసవిలో అత్తగారి వెనకాలే తిరిగి ఆవపెట్టిన అరటికాయ, కందాబచ్చలి, పనసపొట్టు, చేపల పులుసు అన్నీ పట్టేసింది. మా మరిది ఆటో తిరగబడి నడుం దెబ్బతిని ఇంట్లో కూర్చున్నప్పుడు, వీధి గది తలుపులు తీసి, బల్ల వేసి, కర్రీ పాయింట్ పెట్టేసింది. ఎవరినీ అడగలేదు. మేము కళింగపట్నం రోడ్డు మీదున్నాం కాబట్టి ఆదివారం సముద్రానికి వెళ్లేవాళ్లంతా మా దగ్గరే కూరలు కట్టించుకునేవారు. తరగడం, కడగడం నా వంతు. వండటం, అమ్మడం, నోరు పారేసుకోవడం ఆమె వంతు.

“ఈవేళ ఏటి బాగుంటాది కుమారమ్మా?” అని ఎవరైనా అడిగితే, “బాగోనిది కావాలంటే మీ ఇంటికి ఎల్లి తినండి,” అనేది. వాళ్లు నవ్వుకుంటూ కట్టించుకునేవారు.

అందరి కర్రీ పాయింట్లలో లాగే మా కొట్లోనూ కూరలు ప్లాస్టిక్ కవర్లలోనే. కాకపోతే మిగతావాళ్లు రబ్బరు బ్యాండు వేస్తారు. కుమారి పొందూరు నుంచి తెచ్చుకున్న తెల్ల నూలుతో కట్టేది. రెండు చుట్లు, ఒక ముడి, కొస లాగితే ఊడిపోయేట్టు. ఆ కట్టు చూసి మా కొట్టు కూర అని ఊరంతా గుర్తుపట్టేవారు. అది ఆమెకి గర్వం.

ఆ గర్వం కళింగపట్నంలో పోయింది. మా ఆయన అస్థికలు కలపడానికి వెళ్లాం. మాకు పిల్లలు లేరు, మరిదే కర్మ చేశాడు. వంశధార సముద్రంలో కలిసే చోట మరిది మోకాలి లోతు నీళ్లలో నిలబడి కుండ వంచుతుంటే, ఒడ్డున నిలబడ్డ నా కాళ్లకి ఏదో చుట్టుకుంది. నాచు అనుకున్నాను. కుమారి వంగి తీసింది. కవరు. మూతికి తెల్ల నూలు, రెండు చుట్లు. లోపల ఇంకా కాస్త పులుసు ఉంది. చుట్టూ చూస్తే ఇసకలో అలాంటివే ఇంకా ఉన్నాయి. కొన్ని సగం పూడిపోయి, దారం ఒక్కటే పైకి కనిపిస్తోంది. బావ అస్థికలు కలిసే నీళ్లలో తన చేతి ముడి. కుమారి ఒడ్డంతా తిరిగింది. కనిపించినవన్నీ ఏరి చెంగులో మూట కట్టుకుంది. వ్యాన్‌లో ఆ మూట ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. నీచు వాసన వేస్తున్నా ఎవరూ పారేయమనలేదు.

పెద్దకర్మ అయ్యాక కొట్టు తీసిన రోజున చెప్పింది.

“ఇంక నాను కవరు ముట్టను. ఒట్టేసుకున్నాను.”

“మరి సారు దోసిట్లో పోస్తావేటే?” అన్నాడు మా మరిది.

“నీకు దోసిట్లోనే పోస్తాను మావా, మిగతావోళ్లకి ఏదోటి సూస్తాను.”

చూడటం మొదలుపెట్టింది. మొదట అడ్డాకు దొప్పలు. వేపుళ్లకి బాగానే ఉన్నాయి. చారుకి ఆగలేదు. తర్వాత బజారులో ప్యాకింగు సామాన్లు అమ్మే గోవిందరావు గారు చెరకు పిప్పితో చేసిన డబ్బాలు ఇచ్చారు. మట్టిలో కలిసిపోతాయమ్మా అని మరీ చెప్పారు. వేడి పప్పుచారు పోసేసరికి అడుగు మెత్తబడిపోయేది. ఒకాయన తెల్ల ప్యాంటు నిండా చారుతో వెనక్కి వచ్చి, “మట్టిలో కలవడానికి ముందు నా ప్యాంటులో కలిసినాది కుమారమ్మా,” అన్నాడు. గోవిందరావు గారిని అడిగితే, చారు చల్లారాక పోయాలి అన్నారు.

“సల్లారిన సారు మీరు తాగండి బాబూ, ఊరికే ఇస్తాను,” అని ఆ డబ్బాలు ఆయన గుమ్మంలోనే పెట్టి వచ్చేసింది.

ఆ తర్వాత వచ్చినవే ఈ స్టీలు డబ్బాలు. ఇవాళ డబ్బాలో కూర పట్టుకెళ్లండి, రేపు డబ్బా తెచ్చివ్వండి. అంతే లెక్క. వినడానికి ఎంత సులువుగా ఉంది. తోమేది ఎవరో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

రెండో రోజే పేచీ వచ్చింది. కిరాణా కొట్టువాళ్ల కన్యకాపరమేశ్వరి గారు మాంసం, చేపలు ముట్టరు. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇందులో నిన్న చేపల పులుసు పోయలేదని ఏటి నమ్మకం?” అన్నారు. ఆమె అన్నదీ నిజమే. కుమారి ఆలోచించి పిడులకి దారాలు కట్టింది. తెల్ల దారం కూరగాయలకి, ఎర్ర దారం నీచుకి. కన్యకాపరమేశ్వరి గారు తెల్ల దారం చూసి తృప్తిపడ్డారు. పడి, మళ్లీ ఒకసారి వాసన చూసి పట్టుకెళ్లారు.

అసలు చిక్కు అది కాదు. డబ్బాలు తిరిగి రావడం లేదు.

వచ్చినవి కొన్ని. అవి ఒక్కటీ ఖాళీగా రాలేదు. ఒకదాంట్లో నాలుగు పచ్చిమిరపకాయలు, ఒకదాంట్లో బెల్లం ముక్క, ఒకదాంట్లో ఇంట్లో పూసిన కనకాంబరాలు. మా వైపు గిన్నె ఇచ్చుకుంటే ఖాళీగా తిరిగివ్వరు కదా. అవన్నీ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక వంటిల్లంతా చిన్న చిన్న పొట్లాలు. కూర కొనుక్కున్నవాళ్లు మళ్లీ మాకు బెల్లం ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాదు. తోముతూ తోముతూ విసుగొచ్చేది. మా ఆయన ఉంటే ఆ బెల్లం ముక్క నోట్లో వేసుకుని, “ఊరుకోవే,” అనేవాడు. ఆయన లేడు. బెల్లానికి చీమలు పట్టాయి.

ఒక ఆదివారం కొట్టు ముందు జనం ఉన్నారు. డబ్బాలు అయిపోయాయి. నేను వంటింట్లో కూర్చుని కంద తరుగుతున్నాను. కుమారి పరిగెత్తుకుంటూ వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది, అలమరలోంచి మా ఆయన డబ్బా తీసింది.

“అప్పా, ఇదొక్కటే. సాయంత్రానికి వచ్చేస్తాది.”

నా చేతుల నిండా కంద జిగురు. కత్తిపీట పక్కకి నెట్టాను.

“ఎవురో ముసలామె, నిలబడనేకపోతంది. కవరు ముట్టనని ఒట్టేసుకున్నాను కదా. సాయంత్రానికి వస్తాదప్పా.”

నేను లేచి చేతులు కడుక్కుని వీధి గదిలోకి వెళ్లేసరికి బల్ల మీద డబ్బా లేదు. రోడ్డు మీద ఎవరూ లేరు. బావ అస్థికలు కలిపిన నీళ్లు పాడుకాకూడదని ఒట్టు, ఆ ఒట్టు కోసం బావ డబ్బాని ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతిలో పెట్టడం. ఈ లెక్క ఎవరు చెప్పినా నాకు తలకెక్కదు.

సాయంత్రం రాలేదు. మర్నాడు రాలేదు. కుమారి రోజూ వీధివైపు చూసేది, తర్వాత నావైపు చూసేది.

“మాటాడప్పా. తిట్టు.”

“డబ్బా తే. అప్పుడు తిడతాను.”

“ఆ ముసలామె ఎవురో మొకం గురుతు నేదు. గుంపుగా ఉన్నారు జనం.”

“మొహం గుర్తులేనివాళ్లకా ఇచ్చావు?”

 మా మరిది సందు చూసుకుని ఒక కవర్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. “ఊరంతా మన డబ్బాలకి పూజలు సేస్తన్నారు. ఇయ్యి వాడతావా, కొట్టు మూస్తావా?” అన్నాడు. కుమారి ఆ కట్టని బల్ల కిందకి తన్నింది. చెప్పులు వేసుకుని, “రా అప్పా, ఇల్లిల్లూ తిరుగుదాం,” అంది.

వీధులన్నీ తిరిగాం. మొదట వెనక వీధిలో రాధిక ఇల్లు. ఆఫీసులో పని చేసే పిల్ల. తలుపు తీసి మమ్మల్ని చూడగానే మొహం కందిపోయింది. లోపల గూట్లో మా డబ్బాలు వరసగా, అద్దాల్లా తోమి ఉన్నాయి. దారాలు కూడా ఉతికింది.

“తెద్దామనే ఉన్నానండి. ఖాళీగా ఎలగ తెస్తాం? పంచదార కూడా నిండుకున్నాది. ఒకటో తారీకు తరవాత తెద్దామని...”

“నాది కొట్టమ్మా, పుట్టిల్లు కాదు,” అంది కుమారి.

“కొట్టయినా గిన్నె గిన్నే కదండి.”

ఆ పిల్ల లోపలికి వెళ్లి రెండు ఉల్లిపాయలు వెతికి తెచ్చి వేసిగానీ ఇవ్వలేదు. తర్వాత ఇంట్లోనూ ఇదే మాట. ఆ తర్వాత ఇంట్లోనూ ఇదే. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ పారేయలేదు. అందరి గూళ్లలోనూ మా డబ్బాలు మెరుస్తూ కూర్చున్నాయి, పెట్టడానికి ఏదైనా దొరికేవరకు. అందరూ మర్యాదస్తులే. వాళ్లంతా కొంచెం మర్యాద లేనివాళ్లయితే మా కొట్టు నడిచేది.

చివరికి సందులో లక్ష్మీనరసమ్మ గారి పెంకుటిల్లు. ఒంటరి ముసలామె. గుమ్మం మీదకి బీరపాదు పాకించింది. లోపలికి తొంగి చూస్తే దేవుడి పటం కింద మా ఆయన డబ్బా ఉంది. మూత మీద పేరు నాకు గుమ్మంలోంచే కనిపించింది.

“పిన్నీ, ఆ డబ్బా మాది. తీసుకెళ్లడానికి వచ్చాను.”

“తెలుసునమ్మా. జగన్నాధం పేరు సూసినాను. నా సేత్తోనే తెచ్చి ఇస్తాను. పాదు పిందె ఏసినాది. రెండు కాయలు తెగనీ.”

“కాయలు వద్దు. ఖాళీగానే ఇచ్చేయండి.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “మనిషి పోయిన ఇంటికి ఖాళీ డబ్బా నా సేత్తో పంపమంటావేటే? ఇంకేటి పోవాలని?”

కుమారి కలగజేసుకుంది. “అలగైతే గుప్పుడు బియ్యం ఎయ్యి పిన్నీ.”

“ఉన్నవి రేషను బియ్యం. అవి ఎడితే జగన్నాధం ఏటనుకుంటాడు? మిల్లు నుంచి సైకిలు మీద నాకు నూకలు తెచ్చి పోసేవోడు. మంచి నూకలు, రాయి ఉండేది కాదు.”

ఆయన ఈమెకి నూకలు తెచ్చి ఇచ్చేవాడని నాకు తెలియదు. ఒక్కనాడూ చెప్పలేదు. ఆయన మీద, ఆమె మీద, కుమారి మీద, ఆ బీరపాదు మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది. డబ్బా అక్కడే ఉంది. నాలుగడుగులు వేస్తే చేతికి అందుతుంది. కానీ ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది, ఆమెని పక్కకి తోసి నేను వెళ్లలేను కదా. వట్టి చేతులతో వచ్చేశాం. దారిలో కుమారికి నవ్వొచ్చింది. నా మొహం చూసి మింగేసింది.

ఇంటికి రాగానే నాకు నోరు లేచింది. అంతకుముందు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

“ఊరికి ఖాళీ గిన్నె ఇవ్వడం చేతకాదని నీకు తెలీదా? నువ్వు ఈ ఊరి కోడలివి కాదా? ఖాళీగా ఇవ్వలేకపోతే నువ్వే ఏదో వేయించి తీసుకో. వాళ్ల ఇంట్లో ఏముందో, వాళ్ల పాదు ఎప్పుడు కాస్తుందో చూసుకుంటూ ఎంతకాలం కూర్చుంటాం?”

కుమారి చేతివేళ్లు తిప్పడం ఆపేసింది. నా మాటకి కాదు, అందులో ఏదో దొరికినందుకు.

మర్నాడు బల్ల మీద ఒక సత్తు బేసిన్ కనిపించింది. నిండా చోళ్లు. చోళ్లంటే రాగులే. డబ్బా తెచ్చినవాళ్లు ఆ బేసిన్‌లోంచి గుప్పెడు చోళ్లు తీసి తమ డబ్బాలో వేసి కుమారి చేతికి ఇవ్వాలి. ఆమె కళ్లకి అద్దుకుని తీసుకుని, వాళ్లు అటు తిరగగానే చోళ్లు మళ్లీ బేసిన్‌లో పోసేస్తుంది.

“మీ సోళ్లు మీకే ఇవ్వడం ఏటి కుమారమ్మా?” అని మొదటి రోజు అందరూ నవ్వారు.

“నీ సేత్తో ఏసినావు, నాను ఖాళీగా తీసుకోనేదు. నీ మర్యాద నీకు దక్కినాది, నా డబ్బా నాకు దక్కినాది. నడు.”

నవ్వుకుంటూనే వేశారు. రాధిక అయితే ఊపిరి పీల్చుకున్నట్టు వేసింది. రెండు మూడు రోజుల్లో గూళ్లలోంచి డబ్బాలన్నీ దిగి వచ్చాయి. కన్యకాపరమేశ్వరి గారు మాత్రం బేసిన్ వైపు చూసి, “ఈ చోళ్లు ఎర్రదారం డబ్బాలోంచి వచ్చినవి కావని ఏటి నమ్మకం?” అన్నారు. ఇప్పుడు బల్ల మీద రెండు బేసిన్‌లు ఉన్నాయి. మా మరిది కవర్ల కట్టని ఎవరికో ఇచ్చేశాడు. ఇచ్చినట్టు ఒప్పుకోడు.

కుమారి గెలిచింది. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. నాకు మాత్రం తోముడు రెట్టింపయింది. మా ఆయన డబ్బా ఒక్కటే ఇంకా రాలేదు. బేసిన్ సంగతి కబురు పంపితే లక్ష్మీనరసమ్మ గారు, “ఆళ్ల సోళ్లు ఆళ్లకి పోసి రమ్మంటారేటి, జగన్నాధానికి నాటకాలా?” అన్నారట.

నిన్న, ఆదివారం, ఆమే వచ్చింది. నేను కుళాయి దగ్గరే ఉన్నాను. పెరటి తలుపు తోసుకుని, రెండు చేతులతో డబ్బా పట్టుకుని వచ్చింది. మూత పూర్తిగా పడలేదు, లోపల లేత బీరకాయలు రెండు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

“ముదరకుండానే కోసినాను. నీ కోపం సూసి బేగి తెచ్చినాను,” అంది. “డబ్బా సూడు, సింతపండేసి, బూడిదేసి అద్దం సేసినాను. అంచుకి ఏదో పసుపు పట్టేసి ఉన్నాది. గోరుతో గీకి, పీసెట్టి రుద్దితే గానీ పోనేదు.”

మూత తీసి చూశాను. లోపలి అంచు తెల్లగా ఉంది. చుట్టూ తిప్పి చూశాను. ఎక్కడా లేదు. పేరు కూడా కాస్త అరిగింది.

ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎంత కష్టపడి తోమిందో, ఎన్ని రోజులు ఆ పాదు చుట్టూ తిరిగిందో తెలుస్తూనే ఉంది. ఏమంటాను. “మంచి పని చేశారు పిన్నీ,” అన్నాను. కూర్చోమని మంచినీళ్లు ఇచ్చాను. తాగి, చెంగుతో మూతి తుడుచుకుని, తృప్తిగా వెళ్లిపోయింది.

కొట్లోంచి కుమారి కేక వినిపించింది. జనం మాటల చప్పుడు మీదుగా వినిపించింది.

“అప్పా, డబ్బాలు అయిపోతన్నాయి. ఉన్నవి బేగి తోమి ఇయ్యి.”

ఉన్నవన్నీ తోమాను. ఎర్రదారాలు ఒక పక్క, తెల్లదారాలు ఒక పక్క బోర్లించాను. కుమారి వచ్చి బుట్టలో వేసుకుంటూ కుళాయి గట్టు మీదకి చూసింది. మా ఆయన డబ్బా అక్కడే ఉంది, బీరకాయలతోనే.

“అది?” అంది.

“తోమలేదు.”

“ఒక్క నిమిషం పనే కదప్పా.”

“అవును.”

ఆమె డబ్బాని చూసింది, నన్ను చూసింది, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. తోమని డబ్బాలో కుమారి కూర పోయదు. ఆ విషయంలో ఆమె మాట నమ్మొచ్చు. చేతులు తుడుచుకుని, డబ్బాని బీరకాయలతో సహా తీసుకెళ్లి ఉప్పుజాడీ పక్కన పెట్టాను. బీరకాయలు ఇవాళ వండుతాను. డబ్బా మాత్రం తోమను.